మూడో ట్రిప్పు

వరాహనరసింహం గారు ఎవరినీ ఒక దారిన ఒక్కసారి నడిచి ఊరుకోనిచ్చేవారు కాదు. మూడుసార్లు నడవాలి. ఆయన వెంట నడవాలి. మూడూ అయితే గానీ ఆ మనిషికి ఆ దారి వచ్చినట్టు ఒప్పుకొనేవారు కాదు.

ఇది రైల్వేలో ఉన్న పద్ధతే. డ్రైవరు కొత్త సెక్షన్లో బండి నడపాలంటే, ముందు ఆ దారి తెలిసిన డ్రైవరు పక్కన నిలబడి కొన్ని ట్రిప్పులు వెళ్ళి రావాలి. ఎక్కడ సిగ్నలు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఏ గేటు దగ్గర గేదెలు అడ్డం వస్తాయి, అన్నీ కళ్ళతో నేర్చుకోవాలి. దాన్ని లెర్నింగ్ రోడ్ అంటారు. ఖరగ్‌పూర్‌లో పొట్టిగా ఎల్లార్ అంటారు. మూడు నెలలు ఆ వైపు వెళ్ళకపోతే మళ్ళీ నేర్చుకోవాలి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. వరాహనరసింహం గారు మెయిలు డ్రైవరుగా రిటైరయ్యారు గానీ, ఆ పద్ధతిని రిటైరు కానివ్వలేదు. అదీ పేచీ.

కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్‌కి ఎల్లార్ చేయించారు. పక్కింట్లో పెళ్ళి చేయించడానికి వచ్చిన పురోహితుడికి చేయించారు. ముహూర్తం మించిపోతోందని పురోహితుడు మొత్తుకున్నాడు.

"ముహూర్తం మళ్ళీ వస్తాది పంతులుగారూ. దారి తప్పితే మీరు వేరే పందిట్లో ఇంకెవరికో పెళ్ళి చేసేస్తారు" అన్నారు ఈయన.

ఆయన ఇంట్లో దొంగతనం జరగదని వాళ్ళ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అందరికీ ధీమా. దొంగ వచ్చినా మూడుసార్లు వచ్చి, వెళ్ళి, పాసైతే గానీ పని మొదలుపెట్టలేడు.

దీని వెనక శాస్త్రం ఉందనేవారు. ఉద్యోగం చివరి రోజుల్లో ఆయన్ని ఒక రిఫ్రెషర్ కోర్సుకి పంపారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక డాక్టరు వచ్చి, మెదడులో నరాల కణాలు ఎలా పుడతాయో, ఎలా పెరుగుతాయో గంటసేపు చెప్పాడు. గదిలో ఉన్న డ్రైవర్లందరూ నిద్రపోయారు. వరాహనరసింహం గారు ఒక్కరే మేలుకున్నారు. మేలుకోవడమే కాదు, క్లాసు అయ్యాక డాక్టరు వెంటపడి స్కూటరు దాకా వెళ్ళి, అది స్టార్టు కానివ్వకుండా హాండిలు పట్టుకుని చాలాసేపు ఏదో అడిగారు. ఏమడిగారో ఎవరూ వినలేదు. ఆ తర్వాత రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో మెదడు మీద లావుపాటి పుస్తకం పట్టుకున్నారు. అక్కడి నుంచి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

రిటైరయ్యాక ఇంకో వింత జరిగింది. ఆయన నేర్పే దారులన్నీ పోయి, ఒక్కటే మిగిలింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తను ఖాళీ చెయ్యబోతున్న క్వార్టరు నుంచి, గోల్‌బజార్ వెనక తను అద్దెకి తీసుకున్న ఇంటికి. రిక్షా తొక్కే అప్పలకొండకి అదే. చేపలమ్మే పోలమ్మకి అదే. టీ కొట్టు నిమాయ్ దాదాకీ అదే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ వీధుల్లో తిరుగుతున్న వాళ్ళకి ఆ వీధులు నేర్పారు.

1988 వానాకాలంలో సుందర్ రాజు ఈయన చేతికి చిక్కాడు.

సుందర్ రాజు పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. వరాహనరసింహం గారి క్వార్టరు రైల్వేవాళ్ళు అతనికి రాశారు. అప్పటిదాకా ట్రాఫిక్ కాలనీలో తండ్రి క్వార్టర్లోనే, అన్నల కుటుంబాలతో కలిసి రెండు గదుల్లో సర్దుకున్నాడు. భార్య సూసన్నకి ఏడో నెల. కాళ్ళు వాచాయి, రక్తపోటు ఎక్కువుంది. రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: ఈ అమ్మాయికి మందు కన్నా ముందు నెమ్మది కావాలి. కాబట్టి సుందర్ రాజుకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే. సూసన్న నీళ్ళాడేలోగా ఒక సొంత గుమ్మం, అందులో కాస్త నెమ్మది.

తాళంచెవి కోసం వెళితే వరాహనరసింహం గారు దాన్ని బొడ్లో దోపుకున్నారు.

"తాళం తరవాత. ముందు రోడ్డు."

"ఏ రోడ్డండీ?"

"ఈ గేటు నుంచి నా కొత్తింటికి. మూడు ట్రిప్పులు."

"నేను పుట్టింది ఇక్కడేనండి. గోల్‌బజార్‌లో నాకు తెలీని కుక్క నేదు."

"కుక్క తెలిస్తే కుక్క ఇంటికెళ్ళు. నా ఇల్లు తెలుసా?"

"మీ ఇంటికి నానెందుకొస్తానండీ?"

"అది నీకేటి తెలుసు?"

"నాను పార్సిలు గుమాస్తానండి బాబూ. డ్రైవర్ని కాను."

"పార్సిలైనా అడ్రసుకి చేరాల కదా. నడు."

నడిచాడు. పంపు దగ్గర ఎడమకి తిరగాలి. నిమాయ్ దాదా టీ కొట్టు దగ్గర కుడికి. చేపల వరస దాటాక సందు. సందు చివర నీలం తలుపు. దారి ఇంతే. కాని వరాహనరసింహం గారితో నడిస్తే దారి పొడుగు పెరుగుతుంది.

"మీ ఆవిడకి ఎన్నో నెల?"

"ఏడండి."

"అయితే లోపల పని జోరు మీద ఉన్నాది. నరాల కణాలు ఎక్కడ పుడతాయో తెలుసా? మెదడు నడిమధ్య గోడ దగ్గర. అక్కడే కూచుంటే పనికిరావు. సన్నటి తాళ్ళుంటాయి. అవి పట్టుకుని పైకెక్కాల. ముందొచ్చినోడిది కింద బెర్తు. ఎనకొచ్చినోడు ఆడిని దాటుకునెళ్ళి పై బెర్తు ఎక్కాల. ఇలాగ ఆరు వరసలు."

"రిజర్వేషన్ లేకండానా?"

"ఉన్నాది. చార్టు ఎక్కడ అతికించినారో డాక్టరుకి కూడా తెలీదు. ఏడో నెలకి ఎక్కడాలు చాలామటుకు అయిపోయుంటాయి. ఇప్పుడు లైన్లు పడతన్నాయి. మీ ఆవిడ అక్కడ కూచుని బియ్యం ఏరుకుంటాది, లోపల హౌరా యార్డు కడతన్నారు!"

సుందర్ రాజు అడుగు జోరు పెంచాడు. ఏదైనా అంటే దారి ఇంకా పొడుగవుతుందని అప్పటికి గ్రహించాడు.

నీలం తలుపు ముందు వరండాలో ఒక ముసలావిడ చిక్కుడుకాయలకి ఈనె తీస్తోంది. బాలాంబగారు. వరాహనరసింహం గారి అత్తగారు. ఆయన భార్య సరోజాదేవి పోతూ పోతూ ఆయనకి రెండు మిగిల్చింది: ఇత్తడి సామాను, తల్లి. ఇత్తడి సామానుతో ఆయనకి ఏ ఇబ్బందీ లేదు.

బాలాంబగారు పాతకాలపు మనిషి. అత్త అల్లుడితో నేరుగా మాట్లాడకూడదన్న మర్యాదని ముప్పై ఏళ్ళు పాటించింది. ఏం చెప్పాలన్నా వంటింటి తలుపుతో చెప్పేది.

"తలుపా, డ్రైవరుగారికి సెప్పు, ఉప్పు అయిపోనాది."

ఆయనా తలుపుకే జవాబు చెప్పేవారు.

"తలుపా, సాయంత్రం తెస్తానని చెప్పు."

ఆ క్వార్టరు తలుపులన్నిటిలో అదొక్కటే కిర్రుమనేది. ఇద్దరి మధ్యా నలిగితే ఏ తలుపైనా మూలుగుతుందని సరోజాదేవి అనేది.

ఈమధ్య మాత్రం ఆవిడ ఆయనతో నేరుగానే మాట్లాడుతోంది. "ముప్పై ఏళ్ళకి డైరెక్ట్ లైను పడింది చూసినావా!" అని వరాహనరసింహం గారు గొప్పగా చెప్పుకున్నారు. సుందర్ రాజు నవ్వి ఊరుకున్నాడు. ఇంతలో ముసలావిడ తలెత్తింది.

"ఎవరి తాలూకు నాయనా నువ్వు?"

"సుందర్ రాజునండి. మీ పాత క్వార్టర్లోకి..."

"రోడ్డు నేర్సుకున్నావా?"

"నేర్చుకుంటన్నానండి."

"మొద్దుమొకంలా ఉన్నావు. తొరగా నేర్సుకో."

అల్లుడికి తగ్గ అత్త అనుకున్నాడు సుందర్ రాజు. తాళంచెవి మాత్రం దొరికింది. మిగిలిన రెండు ట్రిప్పులూ క్వార్టర్లో దిగాక చేస్తానని యేసు మీద ఒట్టు పెట్టించుకుని ఇచ్చారు.

రెండో ట్రిప్పుకి ఆయన వానని ఎంచుకున్నారు. ఎండ రోడ్డు వేరు, వాన రోడ్డు వేరు అన్నారు. గొడుగు అడ్డమొస్తే గుర్తులు కనబడవని గొడుగు కూడా మూయించారు. ఇద్దరూ నిలువునా తడుస్తూ చేపల వరస దగ్గరికి వచ్చారు.

"నరం ఎలా పెరుగుతాదో తెలుసా? కణం లోంచి ఒక పోగు బయల్దేరతాది. దాని చివర చెయ్యిలాంటిది ఉంటాది. ఏళ్ళుంటాయి. తడుముకుంటూ ఎళ్తాది. దానికి కళ్ళు నేవు. వాసన మీద ఎళ్తాది. ఒక వాసన రమ్మంటాది, ఇంకోటి పొమ్మంటాది. అలాగ ఎక్కడో ఉన్న స్టేషనుకి తప్పకండా చేరతాది."

"చేతికి ముక్కుంటాదా అండీ?"

"ఆ చెయ్యే ముక్కు. నమ్మవు. కళ్ళు మూసుకో. చేతులు చాపు. వాసన పట్టుకుని ఎళ్ళు."

తొందరగా తెమిలిపోతే చాలని సుందర్ రాజు కళ్ళు మూసుకున్నాడు. పది వేళ్ళూ చాచి వానలో తడుముకుంటూ నాలుగడుగులు వేశాడు. వేళ్ళు మెత్తగా, చల్లగా దేనిలోకో దిగబడ్డాయి.

"ఓలమ్మో! సుందర్రాజు బావూ! నా బొచ్చె మొప్పల్లో ఏళ్ళెట్టినావేటి!"

కళ్ళు తెరిచేసరికి చేపలమ్మే పోలమ్మ కత్తిపీట మీంచి లేచి నిలబడింది. అతని వెనక వరాహనరసింహం గారిని చూసి మళ్ళీ కూర్చుంది.

"ఓ, ఎల్లారా. ఎన్నోది?"

"రెండోది" అన్నాడు సుందర్ రాజు, చెయ్యి కడుక్కుంటూ.

"మూడోది అవ్వనీ. అప్పుడు తెలుస్తాది."

"ఏటి తెలుస్తాది?"

"నాను సెప్పకూడదు" అని పోలమ్మ వేరే బేరంలో పడింది.

వరండాలో బాలాంబగారు తలెత్తి, "ఎవరి తాలూకు నాయనా నువ్వు?" అంది. చెప్పాడు. "రోడ్డు నేర్సుకున్నావా? మొద్దుమొకంలా ఉన్నావు" అంది. కిందటిసారి అన్న మాటలే, అదే వరసలో. ఈ ఇంట్లో అందరికీ తనని ఆటపట్టించడం అలవాటైందని అతను అనుకున్నాడు.

తిరిగి వస్తూ ఒక్కటే అడిగాడు. "వెళ్ళడమే నేర్పుతున్నారు. మీ ఇంటి నుంచి మా క్వార్టరుకి రావడం ఎప్పుడు నేర్పుతారండీ?"

"రావడం నేర్పక్కర్లేదు. రావడం బాగా..." అని ఆయన మాట మింగేశారు. "వాన తగ్గింది" అన్నారు. వాన తగ్గలేదు.

ఆ తడుపుకి సుందర్ రాజు జ్వరపడ్డాడు. విశ్రాంతి తీసుకోవలసిన సూసన్న లేచి అతనికి గంజి కాచింది, తలకి గుడ్డ తడిపి వేసింది. వారం తిరిగేసరికి ఆమె కాళ్ళ వాపు పెరిగింది. డాక్టరమ్మ చీటీ మీద రాయడం ఆపి సుందర్ రాజు వంక చూసింది. "నెమ్మది అంటే అర్థం తెలుసా?" అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర వరాహనరసింహం గారు నిలబడి, కిటికీలో కూర్చున్న సూసన్నతో మాట్లాడుతున్నారు. సరిగ్గా సూసన్నతో కాదు.

"లోపలున్న చిన్నమ్మగారూ! లైన్లు ఎక్కువ వేసుకోండి. మొహమాటపడకండి. తరవాత పనికిరానివి ఎలాగూ పీకేస్తారు."

సూసన్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సుందర్ రాజు ఆయన్ని చెయ్యి పట్టుకుని నిమాయ్ దాదా టీ కొట్టు దాకా తీసుకుపోయాడు. అక్కడ పదిమంది ఉన్నారు. ఉన్నా సరే అనుకున్నాడు.

"చూడండి డ్రైవరుగారూ. మా ఆవిడకి నెమ్మది కావాల. నాకు మీ రోడ్డొద్దు, మీ నరాలొద్దు. మీ పిచ్చికి ఇంకెవర్నైనా చూసుకోండి. ఇంకెప్పుడూ మా గేటు తొక్కకండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే అతను అనుకున్నాడు. అప్పలకొండ గ్లాసు కింద పెట్టి రిక్షా సీటు దులపడం మొదలుపెట్టాడు. నిమాయ్ దాదా పాలగిన్నెలో గరిటె ఆపి మెల్లగా అన్నాడు: "దాదా, మూడోది కూడా సేసెయ్యండి. సబ్ ఠీక్ హో జాయేగా."

వరాహనరసింహం గారు కండువా సర్దుకున్నారు.

"సరే నాయనా. రాను. గేటుకి తాళం మాత్రం వెయ్యకు."

సుందర్ రాజు నేరుగా గోల్‌బజార్‌కి వెళ్ళి తాళం కొన్నాడు. పెద్దది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు రైల్వే వర్క్‌షాప్ గేట్లు ఊరందరికీ తెరుస్తారు. ఏడాదంతా కూతలే విన్నవాళ్ళు ఆ ఒక్కరోజు యంత్రాలకి దండలు వెయ్యడం చూసి వస్తారు. పిల్లలూ, పెద్దలూ, పట్టుచీరలూ, బెలూన్లూ అన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి. మధ్యాహ్నం సుందర్ రాజు ఆ జనానికి ఎదురీదుతూ ఇల్లు చేరాడు. గేటు బార్లా తీసి ఉంది. పెద్ద తాళం గొలుసుకి వేలాడుతోంది.

లోపల వంటింట్లోంచి గొంతు వినబడింది.

"ఉప్పు డబ్బా ఎప్పుడూ ఎడమ పక్కనే కదా ఉంటాది. ఎవర్తి మార్సినాది? నువ్వు కూకో సరోజా, ఒట్టి మనిసివి కావు. పొయ్యి మీద సారు నాను పెడతాను."

బాలాంబగారు పొయ్యి ముందు కూర్చుని ఉంది. సూసన్న పీట మీద కూర్చుని ఉంది. సుందర్ రాజు గుమ్మంలో ఆగిపోయాడు. ముసలావిడ వెనక్కి తిరిగి చూసి కొంగు సర్దుకుంది.

"సరోజా, ఎవరో వచ్చినారు. కుర్సీ ఎయ్యి."

"అలాగేనమ్మా" అంది సూసన్న. లేచి, కుర్చీ వేసే వంకతో అతని దగ్గరికి వచ్చింది.

"గేటు పట్టుకుని తాళాన్ని తిడతంది" అంది చెవిలో. "నా గేటుకి తాళమెట్టిన ఎదవెవడని. తీసేశాను. అరగంట నుంచి నన్ను సరోజ అంటన్నాది. ఒకసారి కాదని చెప్పబోతే మొహం అదోలా అయిపోనాది. మరి చెప్పలేదు."

సుందర్ రాజు కుర్చీలో కూర్చున్నాడు. తన ఇంట్లో తనకే వేసిన కుర్చీ.

"ఎక్కడి నుంచి వస్తన్నారండీ?" అని అడిగాడు.

"ఎవరో రైల్వే ఆయనింటి కాణ్ణించి నాయనా" అంది బాలాంబగారు. "మంచి మనిసే. అన్నం వొండి పెడతాడు, తలకి నూనె రాస్తాడు. అయినా పరాయింట్లో ఎన్నాళ్ళని ఉంటాం? మొగమాటంగా ఉన్నాది. ఇయ్యాల జనం ఎల్తంటే కూడా వచ్చేసినాను."

సుందర్ రాజుకి డైరెక్ట్ లైను ఎందుకు పడిందో అర్థమైంది. అల్లుడని గుర్తుంటే కదా, తలుపుతో మాట్లాడటం.

రావడం నేర్పక్కర్లేదని ఆయన ఎందుకన్నారో కూడా అర్థమైంది. ఇక ఎలా తీసుకెళ్ళాలన్నది మిగిలింది. ఇది మీ ఇల్లు కాదు అనడానికి నోరు రాలేదు. చెయ్యి పట్టి లాక్కెళ్ళడానికి చేతులు రాలేదు. సూసన్న అతని వంక చూస్తోంది. అతనికి చటుక్కున ఒకటి తోచింది.

"మామ్మగారూ, నాకో సాయం చెయ్యాల. గోల్‌బజార్ వెనకాల నీలం తలుపు ఇల్లొకటి ఉన్నాది. నాకు రోడ్డు సరిగ్గా రాదు. మూడో ట్రిప్పు మిగిలిపోనాది. మీరు నేర్పాల."

బాలాంబగారు గరిటె కింద పెట్టేసింది.

"అదేదో ముందే సెప్పొద్దా! మొద్దుమొకంలా కూకున్నావు. నడు. సరోజా, సారు దించెయ్యి."

బయటికి వచ్చారు. ఆవిడ ముందు, అతను వెనక. పంపు దగ్గర ఆవిడ ఆగింది. ఎడమకి చూసింది, కుడికి చూసింది. కుడివైపు జనం పోతున్నారు. ఆవిడ చేతులు కొంగుని నలపడం మొదలుపెట్టాయి. సుందర్ రాజు నోరు తెరవబోయాడు.

"మామ్మా!" అన్నారెవరో. అప్పలకొండ. పంపు పక్కన రిక్షా ఆపుకుని ఉన్నాడు. "గోల్‌బజార్ ఎటెల్లాలి మామ్మా? మరిసిపోనాను."

ఖరగ్‌పూర్‌లో జుట్టు నెరిసేదాకా రిక్షా తొక్కినవాడు గోల్‌బజార్‌కి దారి అడుగుతున్నాడు. రిక్షా ముందు చక్రం మాత్రం అప్పటికే ఎడమకి తిప్పి ఉంది. బాలాంబగారు ఆ చక్రం వంక చూసింది.

"రిక్సా తొక్కుతావు, దారి తెల్దా? ఇటు!" అని ఎడమకి తిరిగింది.

టీ కొట్టు దగ్గర ఆవిడ మళ్ళీ ఆగింది. నిమాయ్ దాదా టీ కెటిలు పట్టుకుని కొట్టు దిగి వచ్చి కుడి పక్కన నిలబడ్డాడు. "మా, బజార్ ఇటేనా? కొత్త మనిషిని" అన్నాడు. ఆ కొట్టు పెట్టింది అతని తండ్రి. "ఇటే నాయనా, ఇటే. కొత్తయితే ఏటి, సూపు ఆనుతాది కదా" అంటూ బాలాంబగారు కుడికి నడిచింది. చేపల వరస చివర పోలమ్మ బుట్ట పక్కకి జరిపి సందు మొగకి దారి చేసింది. "మామ్మా, నీలం తలుపు ఏ సందులో? సేపలియ్యాల" అంది.

ఎవరూ ఆవిడకి దారి చెప్పలేదు. అందరూ ఆవిడనే అడిగారు. అడిగిన ప్రతివాళ్ళూ అడుగుతూనే సుందర్ రాజు వంక చూసి, కళ్ళతోనే, మూడోదా అన్నారు. అతను తల ఊపాడు. మూడో ట్రిప్పులో నేర్పేది రోడ్డు కాదు. ఎలా అడగాలన్నది.

నీలం తలుపు తాళం తీసే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. బాలాంబగారు వరండాలో కూర్చుని, "సూసినావా, ఎంత సులువో!" అంది. కాసేపటికి సందు చివర వరాహనరసింహం గారు కనబడ్డారు. వర్క్‌షాప్ జనంలో ఎంత వెతికారో, ఒక కాలికే చెప్పు ఉంది. కండువా లేదు. వరండా చూశారు. ఆగారు. తర్వాత జేబులోంచి గడియారం తీశారు.

"పార్సిలు లేటు" అన్నారు.

"అడ్రసుకి చేరింది కదండీ" అన్నాడు సుందర్ రాజు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఆ రోజు స్కూటరు పట్టుకుని డాక్టర్ని ఏటడిగినారండీ?"

"పెరిగినవి మళ్ళీ తరుగుతాయా అనడిగినాను. తరగడం పెరగడంలో భాగమే అన్నాడు. కణాలు కావలసినదానికన్నా ఎక్కువ పుడతాయంట. పని దొరకనివి రాలిపోతాయి. వాడని లైను పీకేస్తారు, వాడింది గట్టిపడతాది. పిల్లల్లో అది మంచికే. పెద్దవాళ్ళలో వేరే జబ్బుంటాది, అందులో పీకుడు ఆగదు, కొత్త లైను పడదు. ముందు వేసింది ఆఖర్న పోతాదన్నాడు. ఈవిడకి ఆ క్వార్టరు లైను పోలేదు. ఈ ఇంటి లైను పడలేదు. ఎన్నిసార్లు నడిపించినా పడలేదు."

"మరి?"

"మరేటి. ఆవిడ తలలో పడకపోతే మీ తలల్లో వేసినాను. ఖాళీగానే ఉన్నాయి కదా."

సుందర్ రాజుకి నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది.

"చెప్పి ఉంటే ఊరికే ఒప్పుకుందును కదండీ. వానలో తిప్పడం దేనికి?"

"చెబితే జాలి పడతావు. జాలిపడి తెలుసుకున్న దారి మూడు నెలల్లో మరిచిపోతావు. కళ్ళు మూసుకుని చేప మొప్పల్లో ఏళ్ళెట్టినావు. మరిచిపోతావా?"

సుందర్ రాజు తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"చచ్చినా మరిచిపోను."

"అదీ ఎల్లారంటే. నన్ను పిచ్చోడనుకోనీ. ఆవిణ్ణి అనకుంటే చాలు."

ఆ సాయంత్రం పెద్ద తాళం పార్సిల్ ఆఫీసు బీరువాకి వెళ్ళిపోయింది. నవంబరులో సూసన్న నీళ్ళాడింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. డాక్టరమ్మ ఈసారి చీటీ రాస్తూ నవ్వింది. పిల్లకి నాయనమ్మ పేరు ఎలీసమ్మ అని పెట్టారు. వరాహనరసింహం గారు చూడటానికి వచ్చి, ఉయ్యాల మీద వంగి, చిన్నమ్మగారు ఇన్ని నెలలూ పడిన శ్రమకి రైల్వే తరఫున ధన్యవాదాలు చెప్పారు. మెడ నిలవకముందే ఎత్తుకుని మొదటి ట్రిప్పు తిప్పుతానన్నారు. సూసన్న నెల ఆగమంది. ఆయన నెల ఆగారు. ఒక్కరోజు ఎక్కువ ఆగలేదు.

బాలాంబగారు వీలైనప్పుడల్లా గేటు తోసుకుని వస్తూనే ఉంది. సూసన్న సరోజ అంటే పలుకుతూనే ఉంది. ఉప్పు డబ్బా ఎడమ పక్కకి మారి అక్కడే ఉండిపోయింది. రెండేళ్ళు నిండేసరికి పిల్లకి కొత్త ఆట దొరికింది. ముసలావిడ లేచిందంటే వెళ్ళి వేలు పట్టుకునేది. ఇద్దరూ బయల్దేరేవారు. పంపు దగ్గర ఆగేవారు. పిల్లకి ఇంకా మాటలు సరిగ్గా రావు. "మామ్మా, ఏది?" అని అడిగేది, ఎడమకి లాగుతూ. ఆ బండికి డ్రైవరు ఎవరో, పక్కన నిలబడ్డది ఎవరో వెనక నడిచే సుందర్ రాజుకి తెలిసేది కాదు.

1991లో ఒక ఆదివారం అలాగే ముగ్గురూ నీలం తలుపు చేరారు. వరాహనరసింహం గారు వరండాలో చిక్కుడుకాయలకి ఈనె తీస్తున్నారు. బాలాంబగారు మెట్టు మీద కూర్చుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరి తాలూకు నాయనా నువ్వు?"

"రైల్వే తాలూకమ్మా."

"రైల్వేయా? మా అల్లుడొకడున్నాడు. ఇంజిను డ్రైవరు." ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆడి ముందర నాను ఎప్పుడూ అన్నేదు గానీ, మంచోడు. నా పిల్లని బాగా సూసినాడు. నీకు దారి తెలీకపోతే ఆడినడుగు. దారి మరిసిపోడు."

వరాహనరసింహం గారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. సుందర్ రాజు అటు తిరిగి పిల్ల చెప్పు సరిచేశాడు. సరిచెయ్యడానికి అందులో ఏమీ లేదు.

"ఆయన ఇల్లెక్కడమ్మా?" అన్నారు వరాహనరసింహం గారు.

బాలాంబగారు ఆలోచించింది. సందు ఈ చివర చూసింది, ఆ చివర చూసింది.

"నానే సూపిస్తాను. ఒక్కసారికి నీకు రాదు. మొద్దుమొకంలా ఉన్నావు."

"మూడుసార్లు నడుద్దామమ్మా."

"నడు."

ఆయన చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నారు.